రెండూ ఎడమవే

యూనిఫారాలావిడ దర్జీ కొట్లోకి వచ్చేసరికి మాస్టారు చాక్ ముక్క పళ్ళ మధ్య కరుచుకుని ఒక లావుపాటి ప్యాంటు నడుముతో కుస్తీ పడుతున్నాడు. బడులు తెరిచే రోజులు. బల్ల మీద బట్టలు, బల్ల కింద బట్టలు, కుర్చీల్లో బట్టలు. మనిషి కూర్చోవాలంటే ముందు చొక్కాల్ని లేవదీయాలి. ఆవిడ కూర్చోలేదు. గుమ్మంలోనే నిలబడి, ఒక్క మాట మాట్లాడాలి, వీలవుతుందా అని అడిగింది.

నిజానికి ఆవిడ అలా అడగాల్సిన మనిషి కాదు. వీధి చివర ఆవిడకి రైలుపెట్టెంత పొడుగు షెడ్డు ఉంది. బళ్ళకీ, ఆసుపత్రులకీ, హోటళ్ళకీ యూనిఫారాలు అక్కణ్ణుంచే వెళ్తాయి. మాస్టారి కొట్టులాంటివి అందులో ఓ మూల పెట్టి మర్చిపోవచ్చు. అలాంటి మనిషి గుమ్మంలో నిలబడి వీలవుతుందా అందంటే, ఆ వీధుల్లో కుట్టుపనివాళ్ళకి ఉన్న కట్టుబాటు అలాంటిది. ఒకరి దగ్గర పని నేర్చుకుంటున్న మనిషిని ఇంకొకరు పనిలోకి పిలవాలంటే, ముందు నేర్పుతున్నవాణ్ణి అడగాలి. ఆయన ‘చెయ్యి తిరిగింది, తీసుకెళ్ళండి’ అంటే సరే. ‘ఇంకా లేదు’ అంటే ఇక అంతే సంగతులు. ఇంకే కొట్టువాడూ ఆ మనిషి మొహం చూడడు.

ఆవిడ మాస్టారి దగ్గర పని నేర్చుకుంటున్న కాజాలమ్మాయి గురించి అడగడానికి వచ్చింది. షెడ్డులో బట్ట కత్తిరించేవాడు ఉన్నపళంగా మానేశాడట. కాజాలమ్మాయి పనితనం తను చాలా చొక్కాల మీద చూసిందట. గుండీ దూరే కాజా చుట్టూ దారం అంత ఒద్దికగా కూర్చోబెట్టగలిగిన చెయ్యి కత్తెర దగ్గర తడబడదని తన నమ్మకమట. మూడేళ్ళు కావస్తోంది కదా, కత్తిరింపు వచ్చేసే ఉంటుంది, మీరు ఊఁ అంటే రేపట్నుంచే బల్ల దగ్గర నిలబెడతాను, అంది.

మాస్టారు నోట్లోంచి చాక్ ముక్క తీశాడు. ఎదురుగా ఉన్న గుట్ట వైపు చూశాడు. అన్నీ కాజాలు పడాల్సిన చొక్కా ముక్కలే. కాజాల మిషను కొందామని ఏటా అనుకోవడం, అంత చక్కటి చెయ్యి ఉండగా మిషనెందుకని ఏటా మానుకోవడం. ఈ అమ్మాయి వెళ్ళిపోతే ఈ గుట్ట ఎవరు కరిగిస్తారు? ఆలోచన అంతే, అంతకంటే పెద్దదేం కాదు. మనిషి పెద్ద పెద్ద పాపాలు చెయ్యడానికి బోలెడు ఆలోచిస్తాడేమో గానీ, ఇలాంటివాటికి రెప్పపాటు చాలు.

“ఇంకా లేదమ్మా,” అన్నాడు. “కాజాల దాకా ఫర్వాలేదు. కత్తెర చేతికిస్తే మాత్రం బట్ట పాడుచేస్తుంది. ఇంకో ఏడాదైనా పడుతుంది.”

ఆవిడ కాసేపు ఆయన మొహంలోకి చూసి, మీకంటే ఎవరికి తెలుస్తుంది లెండి, అని వెళ్ళిపోయింది. అప్పుడు చూశాడు మాస్టారు. కొలతలు సరిచూసుకునే మూలగదికి వేలాడే పరదా కింద రెండు పాదాలు కనిపిస్తున్నాయి. కొట్లో చోటు చాలక ఆ అమ్మాయి పొద్దున్నుంచీ అక్కడే స్టూలేసుకుని కాజాలు కుడుతోంది. ఆ సంగతి ఆయనకి తెలుసు. తెలిసీ ఆ క్షణంలో గుర్తులేదు. కుట్టేటప్పుడు కుడికాలి బొటనవేలు నేల మీద ఆడించడం ఆమెకి అలవాటు. ఇప్పుడా వేలు కదలడం లేదు.

మిషను మీద బావమరిది పెడలు ఆపకుండానే, “అందరూ అందలం ఎక్కితే మోసేవాళ్ళెవరు, అంతేగా బావా,” అన్నాడు. నీ కుట్టు నువ్వు చూసుకో అని మాస్టారు కసిరాడు. పరదా జరిగింది. కాజాలమ్మాయి చొక్కా ముక్కల దొంతర ఎత్తుకొచ్చి బల్ల మీద పెట్టింది. రోజూ పెట్టినట్టే అంచులు సరిచేసి పెట్టింది.

“ఇవయ్యాయి మాస్టారూ. ఇంకేమైనా ఉన్నాయా?”

గుట్టంతా కళ్ళ ముందే ఉంది. అయినా ఆయన ఆమె వైపు చూడలేక, ఉన్నాయో లేవో వెతుకుతున్నట్టు బల్ల కిందికి వంగాడు. వంగినవాడు ఆమె ఇంకో దొంతర తీసుకుని మళ్ళీ పరదా వెనక్కి వెళ్ళేదాకా లేవలేదు.

కాజాలమ్మాయి అని పేరే గానీ అమ్మాయేం కాదు, ముప్పై దాటిన మనిషి. బడికెళ్ళే కూతురుంది. ఇద్దరూ ఆమె అన్నయ్య ఇంట్లో, వదిన మూతి విరుపుల మధ్య, వంటగది పక్కన పరుపేసుకుని పడుకుంటారు. కత్తెర చేతికొస్తే ఒక గది అద్దెకి తీసుకోవచ్చు, పిల్లని తన గదిలో తను పడుకోబెట్టుకోవచ్చు. ఆమె కోరిక అదొక్కటే, దాన్ని ఎవరి దగ్గరా దాచుకోలేదు. మొదటి ఏడు చేతిపని, రెండో ఏడు మిషను, మూడో ఏడు కత్తెర అని మాస్టారు మాటిచ్చే చేర్చుకున్నాడు. చేతిపనిలో కాజాలు మొదలుపెట్టింది. పెట్టడమే ఆమె చేసిన తప్పు, ఎందుకంటే మహా చక్కగా కుట్టింది. ఓ మోస్తరుగా కుట్టి ఉంటే ఈపాటికి మిషనూ దాటేసి ఉండేది. వీధిలో ఎవరి చొక్కా చూసినా ఇది ఆ అమ్మాయి కాజా అని చెప్పేలా కుట్టింది గనక, ఆ స్టూలు మీదే ఉండిపోయింది. బాగా చేసినవాళ్ళకి ఈ లోకం ఇచ్చే బహుమానం మళ్ళీ అదే పని.

ఇక కత్తిరింపు సంగతంటారా, మాస్టారు బట్ట కత్తిరించేది తెల్లవారగట్లే, ఎవరూ రాకముందు. ఆమె వచ్చేసరికి ముక్కలన్నీ కట్టలు కట్టి ఉంటాయి. ఇందులో దుర్మార్గం ఏదో ఉందని ఆయన ఎన్నడూ అనుకోలేదు. ఆయనకి పని నేర్పినాయనా అంతే. ఆ రోజుల్లో ఎవరి దగ్గర నేర్చావయ్యా అంటే, కిటికీ సందులోంచి చూసి నేర్చానని గొప్పగా చెప్పుకునేవాళ్ళు. ఈ అమ్మాయి మూడేళ్ళుగా కొట్లోనే పడుంటుంది, ఆ మాత్రం చూసి పట్టేసే ఉంటుంది, అంత చెయ్యి గలది, అని ఆయన లెక్క. వచ్చని గట్టిగా నమ్మాడు. నమ్మే రాదన్నాడు. అదీ ఆయన్ని కాల్చేస్తున్న విషయం.

మర్నాడు ఆమె ఏమైనా అంటుందని ఎదురుచూశాడు. అడిగితే ఏం చెప్పాలో రాత్రి పడుకునే ముందే సిద్ధం చేసుకున్నాడు. పనెక్కువగా ఉంది, ఈ బడుల హడావుడి తగ్గనీ, ఆవిడ దగ్గర పని చాకిరీలా ఉంటుంది, నీ మంచికే చెప్పాను, ఇలా నాలుగైదు ముక్కలు. ఆమె ఏదీ అడగలేదు. వేళకి వచ్చింది, వేలికి ఇత్తడి తొడుగు పెట్టుకుంది, దారానికి మైనం రాసుకుంది, తలొంచుకుని కుట్టుకుంటూ పోయింది. అంతకుముందు అలా ఉండేది కాదు. నోట్లో నాలుక లేని మనిషే గానీ పని విషయంలో మాత్రం చంటిపిల్లలా ప్రాణం తీసేది. వీపు ముక్క ముందు ముక్క కంటే పొడుగెందుకు మాస్టారూ? చెయ్యి తల దగ్గర గుండ్రంగా ఎందుకుంటుంది మాస్టారూ? అన్నింటికీ ఆయనది ఒకటే జవాబు, ముందు ముందు నీకే తెలుస్తుందిలే, అని. ఇప్పుడా ప్రశ్నలు ఆగిపోయాయి. కొట్టంతా హాయిగా ఉండాలి. ఆయనకి మాత్రం చెవిలో జోరీగ దూరినట్టుగా ఉంది.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్న సామెత ఊరికే పుట్టలేదు. టీ తెచ్చినవాడితో బావమరిది ఏదో అని నవ్వితే తన గురించేనని మాస్టారు టేపు విసిరికొట్టాడు. తీరా వాళ్ళు మాట్లాడుకునేది టీలో పంచదార సంగతి. వెనక వసారాలో కూర్చుని గుండీలు కుట్టే భార్య, మీకేమైనా ఒంట్లో బాగాలేదా అని అడిగింది. లేదన్నాడు. పోనీ నా ఒంట్లో బాగాలేదా, అలా చూస్తున్నారు, అంది. ఆమెకి జరిగింది అప్పటికే తెలుసు, తమ్ముడు మిషను మీద కూర్చున్న ఇంట్లో ఏ రహస్యమూ పూట దాటదు. తెలిసి కూడా ఏమీ అనకుండా గుండీల డబ్బా దగ్గరికి లాక్కుంది. తిడితే బావుండుననిపించింది మాస్టారికి.

మింగలేక కక్కలేక రెండు మూడు రోజులు అలా గడిచాక, ఆయనకి ఒక ఉపాయం తట్టింది. కాజాలమ్మాయికి కత్తెర ఇస్తాడు. పాతగుడ్డ కాదు, నిజమైన బట్ట, పెద్ద పోస్టాఫీసులో పనిచేసే ఆయన చొక్కాబట్ట. ఆమె చక్కగా కత్తిరిస్తుంది. అప్పుడు తనే యూనిఫారాలావిడ దగ్గరికి వెళ్ళి, మొన్న తొందరపడి అన్నానమ్మా, చూస్తే చెయ్యి తిరిగిపోయింది, అంటాడు. అబద్ధమూ కడుక్కుపోతుంది, పెద్దమనిషి అన్న పేరూ మిగులుతుంది. ఉపాయం తట్టాక మనసు ఎంత తేలికపడిందంటే, ఆ పూట ఆయన రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

ఆమెని పిలిచి బల్ల ఖాళీ చేయించాడు. తన పెద్ద కత్తెర, ఇంకెవర్నీ ముట్టుకోనివ్వనిది, ఆమె ముందు పెట్టాడు. చొక్కా ఆకారాలకి కత్తిరించి పెట్టుకున్న అట్టముక్కలు గోడ మేకు నుంచి దించి ఇచ్చాడు. ఆమె చేతులు ఒంటికి తుడుచుకుంది. మళ్ళీ తుడుచుకుంది. నిజంగా నేనేనా, అని అడిగింది. నువ్వేనమ్మా, మూడో ఏడు కత్తెరని చెప్పలేదూ, అన్నాడు మాస్టారు, ఏదో చెప్పిన ప్రకారమే జరుగుతున్నట్టు. ఆమె మొహం చూసి బావమరిది పెడలు మీంచి కాలు తీసేశాడు.

బట్ట కొంచెం తక్కువగా ఉంది. మామూలుగా చొక్కాబట్టని రెండు పొరలుగా మడిచి, ఒక్కసారి కత్తిరిస్తే కుడీ ఎడమా రెండూ వస్తాయి. తక్కువ బట్ట అయితే మడత కుదరదు, విప్పి పరిచి ఒక్కో ముక్కా విడిగా సర్దుకోవాలి. మాస్టారు ఆ సంగతి చూశాడు. చూసి, అదీ మంచిదే, ఈ బట్టలో చొక్కా తీసిందంటే ఇక తిరుగేముంది, అనుకున్నాడు. పక్కన నిలబడితే బెదురుతుందని గుమ్మం దగ్గరికి పోయి వీధి వైపు తిరిగి కూర్చున్నాడు. తన పెద్దమనసుకి తనకే ముచ్చటేసింది.

వెనక నుంచి ముందు చాక్ గీతలు, ఆ తర్వాత కత్తెర చప్పుడు వినిపించాయి. కత్తెర చప్పుడులోనే పనివాడు తెలిసిపోతాడు. తెలియనివాడి కత్తెర కొరుకుతుంది, ఆగుతుంది, మళ్ళీ కొరుకుతుంది. ఇది ఆగలేదు. బల్ల మీద ఒక చివర నుంచి ఇంకో చివరికి ఒకే ఊపిరిగా సాగింది. మాస్టారు కళ్ళు మూసుకుని విన్నాడు. ఛీ, ఎంత పని చేశాను, ఇలాంటి చెయ్యి పట్టుకుని రాదన్నాను కదా, అని సిగ్గుపడ్డాడు. ఆ సిగ్గులో కూడా కొంచెం సుఖం ఉంది. రేపటితో తీరిపోయే సిగ్గు అది.

“అయింది మాస్టారూ,” అంది.

వెళ్ళి చూశాడు. అంచులు అద్దంలా ఉన్నాయి. వీపు ముక్క బాగుంది. చేతులు బాగున్నాయి. కాలరు బాగుంది. ముందుభాగాలు రెండూ ఒకదాని పక్కన ఒకటి పెట్టాడు, ఒక చొక్కా గుండెల మీద కలుసుకున్నట్టు. అవి కలుసుకోలేదు. ఒకదాని వెనక ఒకటి నిలబడ్డ మనుషుల్లా రెండూ ఒకే పక్కకి తిరిగి ఉన్నాయి. రెండో ముక్కని బోర్లించి చూశాడు. ఆ బట్టకి ముఖం వేరు, వీపు వేరు. ముఖం నీలంగా నున్నగా ఉంటుంది, వీపు వెలిసినట్టుంటుంది. బోర్లిస్తే వెలిసిన వైపు పైకొచ్చింది. రెండూ ఎడమవే. కాజాలు పడే ముక్కలు రెండున్నాయి, గుండీలు పడే ముక్క లేదు. ఇంకో ముక్కకి బట్టా లేదు.

ఒక ముక్క గీశాక రెండోదానికి అట్టని బోర్లించి పెట్టాలి. అంతే. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినంత చిన్న సంగతి. పక్కన నిలబడి ఎవరైనా ఒక్కసారి, ఒకే ఒక్కసారి చెప్పి ఉంటే జన్మలో మర్చిపోయేది కాదు. ఆమెకి ఎవరు చెప్పారు? ఈ కొట్లో చొక్కా కలిపి కుట్టకముందే కాజాలు ఎడమ ముక్కకి పడతాయి. గుండీలు కుట్టే కుడి ముక్కలు నేరుగా వసారాలో భార్య దగ్గరికి పోతాయి. మూడేళ్ళుగా ఆ అమ్మాయి ఒళ్ళోకి వచ్చినవన్నీ ఎడమ ముక్కలే. చొక్కా అంటే ఆమె చేతులకి తెలిసింది అదొక్కటే, అందుకే దాన్నే రెండుసార్లు కత్తిరించింది.

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. ఇన్నాళ్ళూ అబద్ధమాడానని సిగ్గుపడ్డాడు. తీరా చూస్తే చెప్పింది నిజం. కత్తెర చేతికిస్తే బట్ట పాడుచేస్తుందన్నాడు, పాడుచేసింది. ఆ నిజాన్ని మూడేళ్ళు కూర్చుని తనే తయారుచేశాడు. అబద్ధమైతే వెళ్ళి దిద్దుకోవచ్చు, దీన్ని ఎక్కడికెళ్ళి దిద్దుకుంటాడు?

ఆమెకీ అర్థమైంది. ఆయన ముక్కలు తిప్పుతున్న తీరు చూసి, తనూ రెండు చేతులతో రెండూ పైకెత్తి పట్టుకుని చూసింది. కాసేపటికి వాటిని మెల్లగా బల్ల మీద పెట్టి, ఏదో పసిబిడ్డని పడుకోబెట్టినట్టు అరచేత్తో సాపు చేసింది. ఏడవలేదు. గొంతు మాత్రం చాలా తగ్గిపోయింది.

“మాస్టారూ, ఒక మాట చెప్పుకోవాలి. మొన్న ఆవిడతో మీరన్నది నేను విన్నాను. నన్ను పోనివ్వడం ఇష్టంలేక అబద్ధమాడారనుకున్నాను. ఇంటికెళ్ళి మిమ్మల్ని నానా మాటలూ అనుకున్నాను. మా వదినతో కూడా అన్నాను. మీరు ఉన్నమాటే చెప్పారు, నాకే నా సంగతి తెలీలేదు. ఏమీ అనుకోకండి.”

భూమి చీలి మనుషుల్ని మింగుతుందంటారు గానీ, కావలసినప్పుడు ఎన్నడూ చీలదు. మాస్టారు నోరు తెరిచాడు. చెప్పాల్సింది గొంతులోనే ఉంది. బావమరిది చూస్తున్నాడు, గుమ్మంలో ఎవరో కొలతలివ్వడానికి వచ్చి నిలబడ్డారు.

“పోనీలేమ్మా,” అన్నాడు. “ఎవరికైనా తప్పులొస్తాయి.”

ఆమె తలూపి, కత్తెరని గుడ్డతో తుడిచి ఆయన వైపు పెట్టి, పరదా వెనక స్టూలు దగ్గరికి వెళ్ళిపోయింది.

సాయంత్రం కొట్టు కట్టేశాక భార్య గుండీల డబ్బా మూతపెడుతూ మెల్లగా అడిగింది. “ఆ పిల్ల మీకు క్షమాపణ చెప్పుకుందట?”

అవునన్నాడు.

“మీరు తీసుకున్నారట.”

ఆయన తలుపు గడియ సరిచూశాడు. ఆమె అంతకంటే పొడిగించలేదు. ఇంకో రోజైతే బట్ట మళ్ళీ కొనివ్వాలని గొణిగేది, ఇవాళ దాని ఊసే ఎత్తలేదు. అన్నం పెట్టింది. ఎదురుగా కూర్చుంది గానీ, మొహం ఇంకో పక్కకి పెట్టుకుని కూర్చుంది. తేలు కుట్టిన దొంగలా ఆయన కిక్కురుమనకుండా తిని లేచాడు. అంతదాకా ఆయనకి ఒక ఊరట ఉండేది, ఎంతైనా నేను మోసగాణ్ణి కాదని. ఆమె తప్పు కాదని తెలిసి, ఆమె తప్పని ఒప్పుకుంటుంటే, దాన్ని కానుకలా పుచ్చుకుని, పైగా క్షమించిన మనిషిని మోసగాడనక ఇంకేమంటారు?

మర్నాడు తెల్లవారగట్ల కొట్టు తెరిచాడు గానీ కత్తెర ముట్టుకోలేదు. బట్టలన్నీ అలాగే పడున్నాయి. బావమరిది వచ్చి, బల్ల మీద కట్టలు లేకపోవడం చూసి, ఏంటి బావా ఇవాళ నాకు సెలవా, అన్నాడు. కూర్చోమన్నాడు మాస్టారు. కాజాలమ్మాయి వచ్చింది. వస్తూనే మైనం ముక్క తీసుకోబోతుంటే ఆపి, ఇలా రామ్మా, అన్నాడు.

ఏం చెప్పాలో రాత్రంతా వల్లెవేసిందంతా ఆమె ఎదుట నిలబడేసరికి ఎగిరిపోయింది. ఉన్నదున్నట్టు వచ్చేసింది.

“నిన్న నువ్వు చెప్పిన క్షమాపణ నేను తీసుకోవాల్సింది కాదు. ఆ రోజు నేను అబద్ధమే ఆడాను. నీకు వచ్చనుకునే, రాదని చెప్పాను. నువ్వు పోతే కాజాలెవరు కుడతారని చెప్పాను. నిన్న చూస్తే నీకు నిజంగానే రాదు. నీ చేతిలో లోపం లేదు. నేను నేర్పలేదు, అందుకు రాదు.”

ఆమె వింటూ నిలబడింది. చేతిలో సూది ఉంది, దారం ఎక్కించి లేదు. మొహం మీద ముందు ఏమీ కనిపించలేదు. తర్వాత మెడ దగ్గర మొదలై చెవుల దాకా ఎర్రబడింది. ఆయన గుర్తుపట్టాడు, అది కోపం కాదు, సిగ్గు. తనని మోసం చేసినవాడి ముందే నిన్న తనని తాను తక్కువ చేసుకున్న మనిషి సిగ్గు. దాన్ని కూడా తనే తెచ్చిపెట్టాడు.

“మూడేళ్ళూనా మాస్టారూ?” అంది.

“మూడేళ్ళూ.”

వసారా తలుపు దగ్గర భార్య వచ్చి నిలబడింది. బావమరిది తన కాళ్ళ వైపు చూసుకుంటున్నాడు. కాజాలమ్మాయి సూదిని దిండుకి గుచ్చింది. వేలి తొడుగు తీసి సంచిలో వేసుకుంది.

“పదండి,” అంది.

ఎక్కడికని అడిగాడు, తెలిసి కూడా. ఆవిడ దగ్గరికి, ఇప్పుడు నాతో అన్నది అక్కడ కూడా అనండి, అంది.

వీధి పొడుగూతా ఆమె ముందు నడిచింది, ఆయన వెనక. కొట్లు తీస్తున్న వేళ. తెలిసినవాళ్ళు పలకరిస్తుంటే మాస్టారు తలూపుతూ పోయాడు. ఎవరితోనూ మాట కలపడానికి ముఖం చెల్లలేదు. ఒకాయన, ఏంటి మాస్టారూ పొద్దున్నే ఎటు, అంటే చిన్న పని అన్నాడు. పెద్ద పని అని ఎలా చెప్పుకుంటాడు? మధ్యలో ఒకసారి, రేపు పొద్దున్న నేనే ఒక్కణ్ణీ వెళ్ళి చెప్పొస్తాలే అందామని నోటిదాకా వచ్చింది. ముందు నడుస్తున్న ఆ వీపు చూసి మింగేశాడు.

షెడ్డులో మిషన్లన్నీ ఒక్కసారిగా మోగుతున్నాయి. యూనిఫారాలావిడ కత్తిరింపు బల్ల పక్కన నిలబడి బట్ట థానుల లెక్క చూసుకుంటోంది. పక్కకి పిలిచి చెబుదామని మాస్టారు అటూ ఇటూ చూశాడు. కాజాలమ్మాయి పక్కకి కదలలేదు. ఉన్నచోటే, రెండు ఎడమల సంగతితో సహా చెప్పాల్సి వచ్చింది, మిషన్ల చప్పుడుకి గొంతు పెంచి మరీ చెప్పాల్సి వచ్చింది. సగంలో దగ్గరి మిషన్లవాళ్ళు పెడళ్ళు ఆపారు. వాళ్ళని చూసి ఆ పక్కవాళ్ళు ఆపారు. చివరి ముక్క, నేను ఏమీ నేర్పలేదన్నది, పెంచిన గొంతుతోనే ఆ నిశ్శబ్దంలో పడింది. షెడ్డు అవతలి గోడ దాకా వినపడి ఉంటుంది.

ఆవిడ చూస్తున్న లెక్క పక్కన పెట్టింది. ఆయన వైపు చూసే చూపులో మొన్నటి మర్యాద లేదు, అలాగని తిట్టూ లేదు. ఇలాంటివాళ్ళని చాలామందిని చూసిన చూపు. ఆ తర్వాత కాజాలమ్మాయితో, నిన్ననే ఒకణ్ణి పెట్టుకున్నానమ్మా, బల్ల ఖాళీ లేదు, అంది. అయినా రెండు ఎడమలు కోసే మనిషికి బల్ల ఎలాగూ ఇవ్వలేను, నీకూ తెలుసు. కాజాలకైతే ఇవాళే కూర్చో, ఇంత జీతమని నువ్వే చెప్పు, అంది. మంచి మనసుతోనే అంది.

“కాజాలకి రానమ్మా,” అంది ఆమె. “బల్ల దగ్గర పెట్టండి. థానులు మొయ్యమంటే మోస్తాను, ముక్కలు ఊడ్వమంటే ఊడుస్తాను. బల్ల దగ్గరైతే చాలు, కత్తిరిస్తుంటే చూస్తాను.”

మొదట్నుంచీ మొదలుపెట్టాలి, అంది ఆవిడ. నీ కంటే చిన్నవాళ్ళ పక్కన, వాళ్ళ కంటే కింద. జీతం కూడా వాళ్ళదే. పిల్లతో ఎలా నెట్టుకొస్తావో ఆలోచించుకో. అన్నయ్య ఇంట్లోనే ఇంకొన్నాళ్ళు ఉంటానంది కాజాలమ్మాయి. ఆ మాట అనేటప్పుడు ఒక్కసారి ఆగి, ఊపిరి తీసుకుని అంది. గది అద్దెకి తీసుకోవడం అంత దూరం జరిగిపోయిందని మాస్టారికి అప్పుడు తెలిసింది.

యూనిఫారాలావిడ ఓసారి బల్ల వైపు చూసింది. సరేనన్నట్టు తలూపింది. ఊపి, ఎన్నో ఏళ్ళ అలవాటు గనక, మాస్టారి వైపు తిరిగింది.

“ఏమంటారు మాస్టారూ, పంపుతారా మరి?”

మాస్టారు ఛాతీ నిండా గాలి తీసుకున్నాడు. ఇది మాత్రం చెయ్యగలడు. తీసుకెళ్ళండమ్మా, బంగారంలాంటి చెయ్యి, నా మాటగా చెప్తున్నాను, అని అందరికీ వినపడేలా చెప్పగలడు. ఇంత సిగ్గులోనూ ఆ ఒక్క ముక్క ఆయన కోసం మిగిలి ఉంది. పెదవులు విడివడ్డాయి కూడా.

“ఆయన్ని అడగక్కర్లేదమ్మా,” అంది కాజాలమ్మాయి. “నన్నడగండి.”

కోపంగా అనలేదు. ఆయన వైపు తిరిగి కూడా చూడలేదు. యూనిఫారాలావిడ ఒక క్షణం ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, పూర్తిగా ఆమె వైపుకే తిరిగి, అయితే ఎప్పట్నుంచి వస్తావని అడిగింది. ఇప్పట్నుంచే, అంది. మిషన్లు ఒకదాని వెంట ఒకటి మళ్ళీ మోగాయి. ఆమె సంచిని గోడకి తగిలించి, బల్ల అవతలికి వెళ్ళి, కొత్తగా వచ్చిన కత్తిరింపు మనిషి పక్కన నిలబడింది. అతను బట్ట పరుస్తుంటే రెండో కొస పట్టుకుంది.

మాస్టారు ఇంకా అక్కడే ఉన్నాడు. చెప్పాల్సిన మాట నోట్లో అలాగే ఉంది, అడిగేవాళ్ళు లేరు. వెనక నుంచి ఎవరో భుజం మీద థాను మోసుకొస్తూ, కాస్త జరగండి, అన్నారు. ఆయన జరిగాడు.